అన్న పేరు మీద బతికిన బచ్చప్ప

కోలారు బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో అందరూ ఆంజనప్ప అని పిలిచే పెద్దాయన అసలు పేరు బచ్చప్ప. అతనికి తెలిసినంతలో ఈ సంగతి ఆ పేటలో ఇంకొక్క మనిషికే తెలుసు. ఆమె అతని భార్య చిన్నక్క. మిగిలిన అందరికీ, పాలు పోసే మనిషి మొదలుకొని బ్యాంకులో పింఛను పుస్తకం చూసే అమ్మాయి వరకు, అతను గనిలో ముప్పై తొమ్మిదేళ్లు పనిచేసి రిటైరైన ఆంజనప్పే.

ఈ పేరు అతని అన్నది. 1958లో, గనులు సర్కారు చేతికి వచ్చిన రెండో ఏడు, రాయల్పాడు నుంచి అన్నను మేనమామ నంజుండప్ప పిలిపించాడు. నంజుండప్ప గనిలో మేస్త్రీ. డాక్టరు అన్న రొమ్ము కొలిచి, బరువు చూసి, చీటీ మీద సంతకం పెట్టాడు. గని హాజరు చూసే టైమాఫీసులో పేరెక్కింది, ఇత్తడి టోకెను చేతికొచ్చింది. మూడో రోజు మనుషుల్ని గనిలోకి దించే ఇనుప బోను రెండు లెవెళ్ల మధ్య తాడు పట్టేసి గంటసేపు చీకట్లో వేలాడింది. పైకి వచ్చాక అన్న ఎవరితోనూ మాట్లాడలేదు. టోకెను మామ గుమ్మం దగ్గర పెట్టి, రెండు రోజులు నడిచి ఊరు చేరుకున్నాడు.

నంజుండప్పకు తల కొట్టేసినట్టయింది. తను మాట ఇచ్చి ఎక్కించిన మనిషి పారిపోయాడని తెలిస్తే, ఇంకో మనిషిని ఎక్కించమని టైమాఫీసులో అడిగే ముఖం ఉండదు. ఊరికి కబురు పెట్టి, పందొమ్మిదేళ్ల తమ్ముడు బచ్చప్పను రప్పించి అదే టోకెను చేతిలో పెట్టాడు. "ఆ చీకట్లో నీ మూతి యెవురు చూస్తారురా? ఆరు నెలలు ఆంజనప్పగా ఉండు. ఖాళీ పడితే నీ పేరుతోనే ఎక్కిస్తాను" అన్నాడు. అప్పట్లో చీటీల మీద ఫోటోలు లేవు. అలా వేరొకరి పేరుతో దిగిన వాళ్లు కూలీల ఇళ్ల ప్రతి లైనులోనూ ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. అన్న బదులు తమ్ముడు, బావ బదులు బామ్మర్ది. అదొక మోసమని ఎవరికీ అనిపించేది కాదు.

మొదటి వారం టైమాఫీసు గుమాస్తా "ఆంజనప్ప" అని పిలిస్తే బచ్చప్ప పలికేవాడు కాదు. మూడోసారికి వెనకనున్న వాడు వీపు మీద చరిచేవాడు. దాంతో "చెవిటి ఆంజి" అనే పేరొకటి అంటుకుంది. ఆరు నెలలు గడిచాయి, ఖాళీ పడింది, దానిలో మామ ఇంకో చుట్టాన్ని ఎక్కించాడు. ఆ తర్వాత నంజుండప్పే పోయాడు. బచ్చప్ప పెళ్లి, ఇంటి కాగితం, ఒక్కగానొక్క కూతురి బడి దాఖలా, అన్నీ ఆంజనప్ప పేరు మీదే నడిచాయి. కూతురి పెళ్లి జరిగిన ఏడాదే రాయల్పాడులో అన్న కూతురి పెళ్లి కూడా జరిగింది. రెండు శుభలేఖల్లోనూ తండ్రి పేరు ఒకటే, తాత పేరు ఒకటే, ఊరు ఒకటే. బంధువులు అచ్చు తప్పనుకుని నవ్వుకున్నారు. బచ్చప్ప కూడా నవ్వాడు.

అతను నవ్వలేకపోయిన రోజు 2008లో వచ్చింది. అన్న చనిపోయాడు. మట్టి వేసి తిరిగి వస్తుంటే ఊరివాళ్లు "ఆంజనప్ప కాలం తీరిపోయింది" అనుకుంటూ ముందు నడిచారు. మరుసటి ఉదయం ఆండర్సన్‌పేటలో బస్సు దిగగానే ఆటో నడిపే పాపన్న "ఏం ఆంజనప్పన్నా, ఊరి నుంచేనా?" అని పలకరించాడు. బచ్చప్ప వెంటనే పలకలేదు. తనను పిలిచినట్టు అనిపించలేదు. నిన్న పూడ్చి వచ్చిన మనిషిని పిలిచినట్టనిపించింది. అప్పటినుంచి ఎవరు ఆ పేరుతో పిలిచినా ఒక్క క్షణం అలాగే అయ్యేది. ఏదో ఒకనాడు తననూ ఈ పేరుతోనే మోసుకుపోతారని, బచ్చప్ప అనే మనిషి ఈ ఊళ్లో పుట్టనూ లేదు, చావనూ లేదన్నట్టు మిగిలిపోతుందని అతనికి దిగులు పట్టుకుంది. దిగులంటే ఏడ్చేటంత దిగులు కాదు. ఎంత పడుకున్నా తీరని అలసట లాంటిది.

మరుసటి ఏడు వేసవిలో ప్రేమరాజు అతని ఇంటికి వచ్చాడు. ప్రేమరాజు బడిపంతులుగా రిటైరై పేటలో రీడింగ్ రూము నడుపుతున్నాడు. ఊరి చరిత్రలో పేరున్న వాళ్లను ఇరవై మందిని ఎంచి, రీడింగ్ రూము గోడకు ఒక బోర్డు పెట్టించాలని అతని సంకల్పం. డాక్టర్లు, బ్యాండు మాస్టరు, ఫుట్‌బాల్ ఆటగాడు, యూనియన్ నాయకులు అప్పటికే జాబితాలో ఉన్నారు. గనిలోకి దిగినవాళ్లు ఒక్కరూ లేరేమని ఎవరో అడిగితే, నలుగురు కార్మికులను చేర్చాలని బయలుదేరాడు. వాళ్లలో మొదటి పేరు ఆంజనప్పది. 1966లో ఎయిర్‌బ్లాస్టు అయి, అంటే భూమి లోపలి ఒత్తిడికి బండ పేలి, దారి మూసుకుపోయినప్పుడు, ఒక మనిషి పట్టే సందులో పాకి, పదకొండు గంటలు చేతులతో రాళ్లు తీసి ఇద్దరిని ప్రాణాలతో లాగినవాడని పేటలో అందరికీ తెలుసు.

ప్రేమరాజు గీతలు గీసిన నోటుపుస్తకం తెరిచాడు. పేరు, తండ్రి పేరు, సొంతూరు, చేసిన పని, రుజువు, అయిదు గళ్లు.

"తండ్రి పేరు చెప్పన్నా."

"చౌడప్ప."

"సొంతూరు రాయల్పాడు కదా. పేరు ఆంజనప్ప, అది అడగాల్సిన పని లేదు."

"రొంత ఆగండి సార్" అన్నాడు బచ్చప్ప. "ఆ పేరు నాది కాదు."

"మరి యెవురిది? బాడుగకు తెచ్చుకున్నావా?"

"అట్లాంటిదే సార్."

వంటింట్లోంచి చిన్నక్క బయటకు వచ్చింది. "ఆ మాటలు పట్టించుకోవద్దు సార్. వాళ్లన్న పోయినప్పటి నుంచి ఈయప్పకు తలకాయ ఒక చోట ఉండల్యా. ఆంజనప్పనే రాసుకోండి."

"నలభై ఏళ్లు నువ్వు చెప్పినట్టే ఉంటిని కదా. ఇది ఒకటి నన్ను చెప్పనీ" అన్నాడు బచ్చప్ప. అన్న దిగింది, పారిపోయింది, మామ పిలిపించింది, అంతా చెప్పాడు. చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. ఇన్నేళ్లు మోసిన సంగతి ఇంత చిన్నదా అని అతనికే వింతగా అనిపించింది.

ప్రేమరాజు పెన్ను మూత పెట్టాడు. "చూడన్నా, పోయిన తూరి ఇట్లాంటి జాబితా వేసినప్పుడు ఒకాయన ఆడని ఆటకు కప్పు గెలిచినానని రాయించుకున్నాడు. ఊరంతా నన్ను పట్టుకుని ఉతికేసినారు. అందుకని ఈ తూరి ఒక నేమం పెట్టుకున్నాను. కాగితం ఉండాల, లేకుంటే ఇద్దరు సాక్షులు ఉండాల. నీ కంపెనీ మెచ్చుకోలు కాగితంలో ఏముండాది?"

"ఆంజనప్ప అని ఉండాది."

"ఆ పేరుతో అయితే ఇప్పుడే రాసేస్తాను. బచ్చప్ప అని రాయాలంటే, రాళ్లు తీసింది నువ్వేనని ఒకరు, నువ్వు బచ్చప్పవని ఒకరు, ఇద్దరు చెప్పాల. నువ్వే ఆలోచించుకో" అని రెండు సాక్షి కాగితాలు చేతిలో పెట్టాడు.

ప్రేమరాజు వెళ్లాక చిన్నక్క తలుపు దగ్గరికి వేసింది. "బోర్డు మీద పేరు మారితే ఇంటి కాగితం యెవురిదని అడగరా?" అంది.

"అది గోడ మీద బోర్డు. సర్కారు రికార్డు కాదు కదా."

"మరి సుమ్నే, ఊరికే యెందుకు ఈ తిరుగుడు?"

మర్నాడు ఉదయం బచ్చప్ప ఆంథోనీ ఇంటికి బయలుదేరాడు.

బండల వెనక నుంచి లాగిన ఇద్దరిలో ఒకడు పదేళ్ల కిందటే పోయాడు. మిగిలింది ఆంథోనీ. రాతి దుమ్ము అతని ఊపిరితిత్తులను సగం తినేసింది. రెండు వాక్యాలు మాట్లాడితే మూడో దానికి ముందు ఆగి గాలి పోగుచేసుకోవాలి. గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతాడు. అతని భార్య జెసింతా బచ్చప్పకు కుర్చీ వేసి, "ఎక్కువ మాట్లాడించొద్దు అన్నా. డాక్టరు తిడతాడు" అంది.

"డాక్టరు నన్ను తిట్టనీలే" అన్నాడు ఆంథోనీ. "నువ్వు తిట్టేదాని కంటే తక్కువే."

బచ్చప్ప నేల చూస్తూ విషయం చెప్పాడు. తను ఆంజనప్పను కానని, నలభై మూడేళ్లు స్నేహితుడికి అబద్ధం చెప్పానని, క్షమించమని అడిగాడు. ఆంథోనీ ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసప్పా" అన్నాడు.

"యెట్ల తెలుసు?"

"ఆ పొద్దు రాళ్ల వెనక నుంచి నేను అరిచినాను. యెవురప్పా వచ్చేది అని." ఆగి, గాలి పీల్చుకున్నాడు. "బచ్చప్ప అన్నావు నువ్వు. రెండు తూర్లు అడిగినాను. రెండు తూర్లూ అదే చెప్పినావు."

బచ్చప్పకు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. మోచేతులు ఒరుసుకుపోవడం, దీపం ఆరిపోవడం, నోట్లో మట్టి రుచి, ఇవి గుర్తున్నాయి. పేరు చెప్పినట్టు లేదు. పైకప్పు ఇంకోసారి కూలితే ఎవరి పేరుతో పోవాలని అప్పుడు అనుకున్నాడో తెలియదు.

"మరి ఇన్నేళ్లు అడగలేదేమి?"

"అడిగితే నలుగురి చెవిలో పడతాది. టైమాఫీసు దాకా పోతాది. నోట్లో దుమ్ము ఉండె, దాంతోపాటు ఆ మాటను కూడా మింగేసినాను."

జెసింతా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నలభై ఏళ్లు నాకు కూడా చెప్పలేదే ఈ మనిషి" అంది. "పక్కింటి వాళ్ల కోడి గుడ్డు పెట్టినా వచ్చి చెప్తాడు." తర్వాత ప్రేమరాజు ఇచ్చిన కాగితం భర్త ఒళ్లో పెట్టి, పెన్ను చేతికిచ్చింది. ఆంథోనీ సంతకం చేశాడు.

రెండో సాక్షి రాయల్పాడులో ఉంది. తల్లిదండ్రులు, మేనమామ, తోడబుట్టిన వాడు అందరూ పోయాక, బచ్చప్ప గనిలోకి ఏ పేరుతో దిగాడో చెప్పగలిగింది వదిన గురువమ్మ ఒక్కతే. అన్న పారిపోయి వచ్చిన నెలలోనే ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చింది.

కోలారులో ఒక బస్సు మారి, శ్రీనివాసపురంలో ఇంకొకటి మారి, అతను ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మామిడి కోత చివరి రోజులవి. బస్సు నిండా బుట్టలు, గోనెసంచులు, పండు వాసన. కాళ్లు చాపుకునే చోటు లేక మోకాళ్లు బిగుసుకుపోయాయి. దిగాక కాసేపు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఎదురొచ్చిన మనిషి "ఏం బచ్చప్పా, వదినను చూడను వచ్చినావా?" అన్నాడు. ఏడాదికి ఒకటి రెండు రోజులు ఈ పేరు అతనికి ఇక్కడ దొరికేది. ఈ ఊరివాళ్లకు అతను గనిలో పని చేశాడని తెలుసు. ఏ పేరుతో చేశాడో తెలియదు.

గురువమ్మ పంచలో కూర్చుని రాలిన కాయలు ఏరుతోంది. అతను చెప్పేదంతా వింటూ చేతులు ఆపలేదు. మెత్తబడినవి ఒక పక్క, గట్టివి ఒక పక్క.

"అయితే నేను వేలిముద్ర వెయ్యాల" అంది చివరకు.

"నీకు ఇష్టమైతేనే వదినా."

"మీ అన్న పారిపోయి వచ్చినాడని ఈ ఊర్లో యెవురికీ తెలీదు బచ్చప్పా. రొమ్ము కొలత చాలలేదని, డాక్టరు వెనక్కి పంపినాడని చెప్పుకున్నాము. నా కొడుకుకు కూడా అట్లనే చెప్పి పెట్టినాను. మనవడు వేమగల్ ఫ్యాక్టరీలో ఉండాడు. మా తాతకు గనిలో పని తప్పిపోయిందని వాడు అందరికీ చెప్పుకుంటాడు."

"నాకు తెలుసు వదినా."

"ఏం తెలుసు నీకు? ఆయప్ప బావిలోకి కూడా తొంగి చూసేవాడు కాదు. కడవ జారి పడితే తీయను ఇంకొకర్ని పిలిచేవాడు. జనం నవ్వుతా ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. యాభై ఏళ్లు నేను ఆ నవ్వు ఇంట్లోకి రాకుండా కాపు కాసినాను."

అన్నంటే బచ్చప్పకు కోపం ఉండేది. మొదటి పదేళ్లు చాలా ఉండేది. కింద ఎండ లేని చోట చెమట కారుస్తూ, పైన చెట్ల నీడలో కూర్చున్న మనిషిని తలుచుకుని పళ్లు కొరికేవాడు. అన్న కూడా తన గొయ్యి ఒకటి ఇంట్లోనే తవ్వుకుని అందులో బతికాడని అతను ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు ఆ కోపం కోసం వెతికితే కనిపించలేదు.

"వద్దులే వదినా. నేను పొయ్యొస్తాను" అని లేవబోయాడు.

"కూర్చో. అన్నం తినకుండా యాడికి పోతావు?" గురువమ్మ చేతులు చెంగుకు తుడుచుకుంది. "నీ పేరు నువ్వు రాయించుకునేదానికి నేను అడ్డం రాను. అమ్మ పెట్టిన పేరు అది. ముద్ర వేస్తాను. అయితే ఒక మాట. ఎందుకు పేరు మారిందో యాడా రాయకూడదు, యెవురికీ చెప్పకూడదు. ఆ సారుకు తెలిసింది, అది నా ఖర్మ. ఆయన కూడా నోరు మూసుకోవాల."

"చెప్పను వదినా. ఆయన చేత కూడా ఒట్టు వేయిస్తాను."

సాక్షి కాగితంలో ఒకటే వాక్యం ఉంది: చౌడప్ప కొడుకు బచ్చప్ప 1958 నుంచి గనిలో పని చేసిన మాట నిజం. గురువమ్మ ఇంకు పూసుకున్న బొటనవేలు దాని కింద అదిమి పెట్టి, ఎక్కువసేపు అలాగే ఉంచింది. ఎవరితోనూ అనవద్దని ఆంథోనీకి, జెసింతాకు కూడా చెప్పి పెడతానని అతను ఆమెకు మాట ఇచ్చాడు.

ప్రేమరాజు ఆ కాగితాలు రెండుసార్లు చదివి, షరతు విని, తల పంకించాడు. "బోర్డు మీద పేరు, తండ్రి పేరు, చేసిన పని, సంవత్సరం, అంతే రాసేది. కథలు రాసే చోటు కూడా లేదులే" అన్నాడు.

ఆగస్టులో ఒక ఆదివారం ఉదయం, చర్చి వదిలాక అందరూ రాగలిగేలా పదకొండు గంటలకు బోర్డు తెర తీశారు. రీడింగ్ రూము ముందు నూట యాభై మంది దాకా చేరారు. చిన్నక్క పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. బచ్చప్ప వెనక గోడ వారన నిలబడ్డాడు. పద్దెనిమిదో వరసలో, నల్లటి పలక మీద తెల్లటి అక్షరాలతో, "బచ్చప్ప, తండ్రి చౌడప్ప. బండ పేలిన ప్రమాదంలో ఇద్దరిని కాపాడిన కార్మికుడు, 1966" అని ఉంది. అతను ఆ అక్షరాలను ఒకటొకటిగా చదివాడు. ఆనందం వస్తుందేమోనని కాసేపు చూశాడు. బరువు దించి పెట్టినప్పుడు భుజాల్లో కలిగే నొప్పి లాంటిది వచ్చింది. దానితోనే తృప్తిపడ్డాడు.

ఆటో పాపన్న జనంలో నుంచి ముందుకు వచ్చి, చదవలేని వాళ్ల కోసం పేర్లు పైకి చదవసాగాడు. ఇరవై పేర్లూ చదివి, మళ్లీ పద్దెనిమిదో పేరు దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఈ బచ్చప్ప యెవురు సార్?"

ప్రేమరాజు గొంతు సవరించుకున్నాడు. "ఆయన కూడా కార్మికుడే."

"1966లో ఇద్దర్ని లాగింది మా ఆంజనప్పన్న కదా. ఈయన పేరు మేమెప్పుడూ వినలేదే."

బచ్చప్ప ఇంటికి మూడిళ్ల అవతల పూలమ్మే మునివెంకటమ్మ లేచి నిలబడింది. "ఇరవై పేర్లు చదివినాడు, ఆంజనప్ప పేరు లేనే లేదు. పంతులూ, నీకు కండ్లు కనపడల్యా? వాళ్ల మావా వీళ్ల మావా వచ్చి అడిగితే రాసేసినావా?"

"అమ్మా, రుజువు చూసే రాసినాము."

"ఏం రుజువు? మా లైనులో పుట్టిన పిల్లోళ్లకు కూడా తెలుసు ఆ కథ. యెవుడో బయటోడి పేరు తెచ్చి, చేసినోడి నోరు కొట్టినావు. ఆ మనిషి నోరు లేనోడు, అడగడు. మేము అడుగుతాము."

వెనక నుంచి అవునవునని గొంతులు లేచాయి. బోర్డు దించాలని ఒకరన్నారు. దించనక్కర్లేదు, ఆ పేరు చెరిపి ఆంజనప్ప అని రాస్తే చాలని ఇంకొకరన్నారు. ప్రేమరాజు ముఖం ఎర్రబడింది. ఒక్క మాట చెబితే అందరూ నోళ్లు మూసుకుంటారు. ఆ మాట అతని పెదవుల దాకా వచ్చింది, కానీ అది చెబితే పేరెందుకు మారిందని అడుగుతారు. జనం తలల మీదుగా వెనక గోడ వైపు చూశాడు. బచ్చప్ప మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

చిన్నక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పక్కనున్న వాళ్లకు తెలియలేదు.

మునివెంకటమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "రా ఆంజనప్పన్నా, ముందుకు రా. నువ్వే అడుగు. ఈ బచ్చప్ప యెవురని అడుగు."

అతను ముందుకు నడిచాడు. అందరూ దారి ఇచ్చారు. ఇంతమంది ఒకేసారి తన వైపు చూడడం, తన కోసం కోప్పడడం అతని డెబ్బై ఏళ్లలో ఇదే మొదలు. వాళ్ల ప్రేమంతా ఆ పేరు మీద ఉంది. దాన్ని వద్దనడానికి అతనికి నోరు రాలేదు, తీసుకోవడానికీ మనసొప్పలేదు.

"సారును ఏమీ అనొద్దండి" అన్నాడు. "ఆయన తప్పు రాయలేదు."

"మరి ఈ మనిషి యెవురన్నా? నీకు తెల్సా?"

"తెలుసు. అదే షిఫ్టులో ఉండె."

"రాళ్లు తీసింది ఆయనేనా?"

"ఆయన కూడా తీసినాడమ్మా. నేను చూసినాను."

మునివెంకటమ్మ అతని ముఖంలోకి అనుమానంగా చూసింది. "నీకు బేజారు లేదా? నీ పేరు పోయింది కదా."

"లేదు" అన్నాడు. "కాళ్లు లాగుతా ఉండాయి. ఇంటికి పోతాను" అన్నాడు.

పాపన్న ఆటో తీస్తానంటే వద్దన్నాడు. చిన్నక్క వచ్చి పక్కన నడిచింది. వెనక జనం ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వచ్చే ఏడు జాబితా వేసేటప్పుడు ఆంజనప్పకు వేరే వరస ఇవ్వాల్సిందేనని ఎవరో గట్టిగా అంటున్నారు, ప్రేమరాజు అలిసిపోయిన గొంతుతో చూద్దాం, చూద్దాం అంటున్నాడు. వీధి మలుపు తిరిగాక చిన్నక్క, ఎవరూ వినడం లేదని అటూ ఇటూ చూసుకుని, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది.

"బచ్చప్పా, రొంత నిదానంగా నడువు."

అతను మొదటి పిలుపుకే పలికాడు.